ఇరవై మూడున్నర మెట్లు

లిస్బన్‌లో, మొరారియా సందులో, ఆ ఇంటికి
పైన ఒక జాతకం, కింద ఒక జాతకం.

పై అంతస్తులో దోనా జుల్మీరా.
కిటికీలో పిల్లి. గోడకి పళ్ళెమంత చక్రం.
"ఏప్రిల్ రెండు, డెబ్భై ఒకటి" అన్నాను.
"మేషం!" అంది,
నా కొమ్ములు అప్పుడే కనబడ్డట్టు.
"అందుకే ట్రామ్ నడుపుతున్నావు, గ్రాసియెత్.
అందుకే పట్టాల మీద కారు ఆపినవాణ్ణి
గంట కొట్టి మరీ తిడతావు."
ఇరవై యూరోలిచ్చాను.
నిజమే అనిపించింది.

కింద మసాలా కొట్టు.
ఢాకా టోపీ పెట్టుకున్న ఖీమానంద భుసాల్
ఆవాలు తూస్తూ అడిగాడు,
"ఏమంటుంది పైనావిడ?"
చెప్పాను. నవ్వలేదు.
గల్లాపెట్టె కిందనుంచి నలిగిన పంచాంగం తీశాడు.
బిల్లు వెనక ఒక చదరం గీసి
దానికి అడ్డంగా గీతలు,
గాలిపటానికి పుల్లలు కట్టినట్టు.
"నీ సూర్యుడు మీనంలో ఉన్నాడమ్మా.
ఇంకా నీళ్ళలోంచి బయటికి రాలేదు."

ఒకటే పొద్దు, ఒకటే నేను.
పైన పొట్టేలు, కింద చేప.
చేపే నయమనుకున్నాను,
జూన్ వస్తే ఈ ఊరు ఊరంతా
దాన్ని బొగ్గుల మీద కాలుస్తుందని గుర్తొచ్చేదాకా.

మళ్ళీ పైకెక్కాను.
"చుక్కలతో నాకేం పని?" అంది జుల్మీరా.
"పగలూ రాత్రీ సరితూగిన రోజున
వసంతం వచ్చి తలుపు తడుతుంది.
మేషం అక్కణ్ణుంచే. నాది రుతువుల లెక్క."
మళ్ళీ కిందికి.
"ఆ తలుపే జరిగిపోతోంది కదా" అన్నాడు భుసాల్.
"ఆవిడ తలుపు పట్టుకుని దాంతోపాటే నడుస్తోంది.
నేను చుక్కల దగ్గరే ఆగిపోయాను."
"ఎంత జరిగింది?"
"నువ్వు పుట్టిన ఏటికి ఇరవై మూడున్నర డిగ్రీలు."

మెట్లు లెక్కపెట్టాను.
ఇరవై మూడు.
అడుగున ఇంకొకటి, సగానికి విరిగింది.
ఒట్టు.

అతనికి సూర్యుడంటే పెద్ద పట్టింపు లేదు.
చంద్రుణ్ణి అడుగుతాడు.
ఆర్ద్రలో ఉన్నాడట; ఆర్ద్ర అంటే తడి అట,
కన్నీటిబొట్టు దాని గుర్తట.
"తొంభై ఆరు నుంచి పందొమ్మిదేళ్ళు నీకు శని."
ఆ పందొమ్మిదేళ్ళూ నాకు అన్సెల్మో అనే మొగుడున్నాడు.
ఆ మాట అతనికి చెప్పలేదు.

పైన, నేను ఎవరినో చెబుతారు.
కింద, ఎప్పుడో చెబుతారు.
పైన దుర్భిణీకి దొరికిన ప్లూటో,
కింద తల ఒకచోట, మొండెం ఒకచోట తిరిగే పాము.
పైన ఓదార్పు. కింద
శనివారం కాకికి అన్నం పెట్టమని పని.
మా పెరట్లో కాకుల్లేవు, సముద్రపు కొంగలే.
వాటికే పెట్టాను.
చెయ్యి పొడిచి మరీ తిన్నాయి.

ఇద్దరూ ఒకటే అడిగారు చివరికి.
"ఏ గంటకి పుట్టావు? నిమిషాలతో సహా."
అమ్మ ఎప్పుడూ చెప్పేది,
మూల బేకరీలో రెండో వాయి రొట్టె దించుతుంటే
ఆ వాసనలో పుట్టావని.
బేకరీ ఇప్పుడు ఫోన్లు బాగుచేసే కొట్టు.
అమ్మ పోయి చాన్నాళ్ళయింది,
డెబ్భై రెండో ఏట.

"ఆకాశం ఒక్క డిగ్రీ జారడానికి
ఎన్నాళ్ళు పడుతుంది?" అడిగాను,
ఊరికే, సంచిలో జీలకర్ర పెట్టుకుంటూ.
"డెబ్భై రెండేళ్ళు" అన్నాడు భుసాల్,
చిల్లర లెక్కపెడుతూ.

విరిగిన మెట్టు మీద కూర్చుండిపోయాను.
అయితే అమ్మ
నిండుగా ఒక డిగ్రీ బతికింది.
అంత ఆకాశం
ఆమె గిన్నెలు కడుగుతుంటే, నన్ను తిడుతుంటే,
చప్పుడు లేకుండా జరిగింది.

పైన పిల్లి అరిచింది. కింద షట్టర్ సగం దించారు.
ఆఖరి ట్రామ్ నాదే, పదకొండింటికి.
రొట్టె వాసనని ఎన్ని గంటల
ఎన్ని నిమిషాలని రాయాలో
ఎవరినీ అడగలేదు.